చైనా ఆర్థిక వ్యవస్థపై పరిశోధన చేసే అధ్యాపకులు కావాలంటే: సీమ విద్యార్థులకు ఒక దారి

చైనా ఆర్థిక వ్యవస్థను జీవితకాల పరిశోధనాంశంగా ఎంచుకోవాలనుకునే అనంతపురం, కర్నూలు, కడప విద్యార్థులు ముందుగా గమనించవలసిన విషయం ఒకటుంది. మన విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్ర విభాగాల్లో చైనా పేరుతో ఉండే ఉద్యోగాలు చాలా అరుదు. అభివృద్ధి, ప్రభుత్వ విత్తం, అంతర్జాతీయ వాణిజ్యం వంటి పాఠాలు చెప్పగలవారినే తీసుకుంటారు. కనుక మొదట మంచి ఆర్థికశాస్త్రవేత్త కావాలి. బీఏలో గణితం లేనివారు కలనగణితం, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత ఈ మూడింటినీ సొంతంగానైనా నేర్చుకోకుండా ఎంఏలో చేరితే ఎకనామెట్రిక్స్ (గణాంక పద్ధతులతో ఆర్థిక సమాచారాన్ని విశ్లేషించే శాస్త్రం) తరగతిలో తొలి నెలలోనే వెనకబడతారు.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో ఎంఏ చేసి, నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం సాధించి పీహెచ్‌డీకి వెళ్లడం ఒక దారి. ఎంఏకే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కో, ముంబైలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థకో వెళ్లడం మరో దారి. ఇంటి పరిస్థితి అనుకూలిస్తే రెండోదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ గణిత శిక్షణ గట్టిగా ఉంటుంది, విదేశీ పీహెచ్‌డీకి అవసరమైన సిఫారసు లేఖలు రాయగల గురువులూ దొరుకుతారు.

చైనా భాషను మాత్రం ఎంఏ దాకా వాయిదా వేయకూడదు. డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టి, ఉచ్చారణ కొంత పట్టుబడగానే సరళీకృత లిపి చదవడంపై దృష్టి పెట్టండి. పరిశోధకులకు మాట్లాడటం కన్నా చదవడమే ముందుగా కావాలి. పత్రికలు చదవడానికి రెండు మూడు వేల అక్షరాలు రావాలి కనుక రోజూ కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి సాగవలసిన పని ఇది. హెచ్‌ఎస్‌కే అనే చైనా భాషా ప్రావీణ్య పరీక్షలు మీ స్థాయిని చూపిస్తాయి. పద్ధతిగా నేర్చుకోవాలంటే ఢిల్లీలోని జేఎన్‌యూ, 1937లో శాంతినికేతన్‌లో మొదలైన విశ్వభారతి చీనా భవన్ ఉన్నాయి.

ఇక అసలైన పని గణాంకాలు చదవడం. చైనా జాతీయ గణాంక సంస్థ ఏటా వెలువరించే గణాంక వార్షిక గ్రంథాన్ని తెరిచి, మన సీమకు బాగా తెలిసిన వేరుశనగ పట్టికతోనే మొదలుపెట్టండి. వేరుశనగ అక్కడ నూనెగింజల వరుసలో ఉంటుంది. విస్తీర్ణాన్ని వెయ్యి హెక్టార్లలో, మొత్తం ఉత్పత్తిని పదివేల టన్నుల్లో ఇస్తారు. గడిలో 1,800 అని ఉంటే 1 కోటి 80 లక్షల టన్నులని అర్థం. స్థానిక పత్రాల్లో భూమిని ‘ము’ అనే చైనా కొలతలో చెబుతారు, మన ఎకరం దాదాపు ఆరు ములు. తర్వాత అదే ఏడాది అంకెను వేర్వేరు సంవత్సరాల సంచికల్లో పోల్చండి. వ్యవసాయ గణన జరిగాక పాత అంకెలను సవరించడం అక్కడ మామూలే కాబట్టి, రెండు సంచికల అంకెలను కలిపి ఒకే శ్రేణిగా వాడితే లేని పెరుగుదలో తరుగుదలో కనిపిస్తుంది.

చైనా లెక్కలన్నీ అబద్ధాలని కొట్టిపారేసేవారి మాటా, అన్నిటినీ నమ్మేవారి మాటా పరిశోధకులకు పనికిరావు. లియావ్‌నింగ్ రాష్ట్రం 2011 నుంచి 2014 వరకు ప్రభుత్వ ఆదాయ లెక్కలు పెంచి చూపినట్టు 2017లో తానే ఒప్పుకుంది. రాష్ట్రాల స్థూల ఉత్పత్తుల మొత్తం దేశ ఉత్పత్తిని ఏళ్ల తరబడి మించిపోతుండడంతో, 2019 లెక్కల నుంచి జాతీయ గణాంక సంస్థే రాష్ట్రాల ఉత్పత్తిని లెక్కించే బాధ్యత తీసుకుంది. స్థానిక అధికారుల పదోన్నతికి వృద్ధి రేటు ముఖ్యమైన కొలమానంగా ఉన్నచోట అంకెలు పెరగడానికి కారణం ఉంటుంది. ఆ కారణమే మంచి పరిశోధనాంశం. విద్యుత్ వాడకం, రైలు సరకు రవాణా, ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుగుల చిత్రాలతో అధికారిక అంకెను సరిచూడటం నేర్చుకోండి. కుటుంబాల స్థాయి సమాచారానికి పెకింగ్ విశ్వవిద్యాలయం 2010 నుంచి నడుపుతున్న కుటుంబ సర్వే ఉంది.

ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ‘చైనా అభివృద్ధి’ అనేది పరిశోధనాంశం కాదు. 1994 పన్నుల సంస్కరణతో ఆదాయంలో పెద్ద వాటా కేంద్రానికి వెళ్లాక స్థానిక ప్రభుత్వాలు భూమి లీజులపై ఎలా ఆధారపడ్డాయన్నది పరిశోధనాంశం. గ్రామ భూమి సమష్టి ఆస్తిగా ఉన్న ఆ దేశంలో, సమష్టి నిర్మాణ భూమిని (గ్రామ సమష్టి ఆస్తిలో కట్టడాలకు కేటాయించిన భాగాన్ని) నేరుగా మార్కెట్‌లోకి అనుమతిస్తూ 2019లో సవరించిన చట్టం 2020లో అమల్లోకి వచ్చాక రైతుకు ఏం దక్కిందన్నది ఇంకొకటి. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడల కోసం భూసేకరణ జరగడం చూసిన విద్యార్థికి ఈ ప్రశ్నలోని బరువు వేరే చెప్పనక్కరలేదు. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో వేరుశనగకు ప్లాస్టిక్ పొర పరిచి సాగుచేసే పద్ధతి దిగుబడిని, ఖర్చును ఎలా మార్చిందన్న ప్రశ్న కూడా అనంతపురం మెట్ట రైతును ఎరిగినవారు లోతుగా అడగగలిగినదే.

క్షేత్ర పరిశోధనకు అనుమతులు కష్టం. విదేశీయులు నేరుగా సర్వేలు జరపడంపై అక్కడ ఆంక్షలున్నాయి. కనుక చైనా విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులతో కలిసి పనిచేసే అవకాశాన్ని పీహెచ్‌డీ రెండో ఏడాది నుంచే వెతకాలి. వ్యాసాలను చైనా ఎకనామిక్ రివ్యూ, చైనా క్వార్టర్లీ వంటి పత్రికలకు పంపుతూనే, కనీసం ఒకదాన్ని అభివృద్ధి ఆర్థికశాస్త్ర పత్రికకు పంపండి. ఉద్యోగ దరఖాస్తులో మీ ప్రధాన రంగంగా అభివృద్ధి ఆర్థికశాస్త్రాన్నో ప్రభుత్వ విత్తాన్నో రాసి, చైనాను ఆ తర్వాత పేర్కొనండి. బోధించగల పాఠాల జాబితాలో భారత ఆర్థిక వ్యవస్థను తప్పక చేర్చండి.