తాత రైఫిల్ తన్నుతుంది, తొలి గుండుకు ముందే సిద్ధపడండి

హైదరాబాద్‌లో కొన్ని పాత ఇళ్లల్లో ఇప్పటికీ వేట కాలం నాటి డబుల్ బ్యారెల్ రైఫిళ్లున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులులను వేటాడిన ఊరు కదా మనది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగింది, తుపాకులు మిగిలాయి. లైసెన్సు మీ పేరు మీదికి మారాక, షూటింగ్ రేంజ్ వాళ్లు ఆ బోర్‌కు (గొట్టం లోపలి వెడల్పుకు) ఒప్పుకున్నాక ఒక్కసారి కాల్చి చూడాలన్న ఆశ నాకూ తెలుసు. తొందరపడకండి.

ముందు గొట్టం మీది ముద్రలు తెలిసిన గన్‌స్మిత్‌తో చదివించండి. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశానికి .450 బోర్ రాకుండా ఆపింది. దాంతో .470, .465 లాంటివి పుట్టుకొచ్చాయి. అంకెలు అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి అంచనాతో తూటాలు తేవద్దు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది: పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం చేసిన గొట్టంలో, పొగ రాని కొత్త మందున్న నైట్రో తూటా వేస్తే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. తూటాలను మే ఎండలో కారు డిక్కీలో వదలొద్దు. వేడెక్కిన మందు ఒత్తిడి పెంచుతుంది.

ఇక తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ సంగతి. .470 రైఫిల్ బరువు దాదాపు 5 కిలోలు. 32 గ్రాముల గుండును సెకనుకు 650 మీటర్ల వేగంతో పంపుతుంది. మామూలు వేట రైఫిల్ .30-06తో పోలిస్తే తన్ను సుమారు మూడు రెట్లు. నేను మొదటిసారి కాల్చినప్పుడు నొప్పికి భయపడి బట్‌ను (తుపాకీ వెనక కొసను) భుజానికి కాస్త ఎడంగా పట్టుకున్నాను. ఆ సందులోనే అది వేగం పుంజుకుని గుద్దింది. వారం రోజులు భుజం నల్లగా కమిలిపోయింది. దానికన్నా బాధ పెట్టింది రెండో గుండు: ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకున్నాను. ఆ ఉలికిపాటు ఒంటికి పట్టిందంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

అందుకే బట్‌ను భుజం గుంటలోకి గట్టిగా లాక్కోండి. ఎముక మీద పెట్టొద్దు. ఎడమ చేత్తో ముందు కర్రను బిగించి పట్టుకుని, ఎడమ కాలు ముందుకు వేసి కొంచెం వంగి నిలబడండి. పేలగానే ఒళ్లును వెనక్కి పోనివ్వండి, ఎదురు నిలవాలని చూడొద్దు. పడుకుని కాల్చడం, బల్ల మీదికి వంగి కాల్చడం అసలే వద్దు, ఒళ్లు కదలడానికి చోటుండదు. బట్ వెనక ఇసుక మూట పెడితే భుజం బతుకుతుంది కానీ, వందేళ్ల వాల్‌నట్ కర్ర చీలిపోతుంది. రబ్బరు ప్యాడ్ తొడగండి, చాలు.

బొటనవేలు పై మీట (తుపాకీని తెరిచే మీట) వెనక ఉండకూడదు, తన్నులో చర్మం చీలుతుంది. మొదటి రోజు ఒక్క గొట్టంలోనే తూటా వేయండి. తన్నుకు వేలు జారి రెండో ట్రిగ్గర్‌ను తాకితే రెండో గొట్టం కూడా పేలుతుంది. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్స్, కళ్లద్దాలు, మూడూ కావాలి.

రోజుకు నాలుగైదు గుండ్లు దాటొద్దు. తోడుగా వచ్చిన వాళ్లతో మీకు తెలియకుండా మధ్యలో డమ్మీ (పేలని) తూటా పెట్టించుకోండి, ఉలుకుతున్నారో లేదో అప్పుడే తేలుతుంది. ఉలుకు కనిపిస్తే ఆ రోజుకు ఆపేసి, తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో వంద గుండ్లు కాల్చండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, రెటీనాకో భుజానికో ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా ఈ తుపాకీ ముట్టొద్దు. కాల్చాక చెయ్యి తిమ్మిరెక్కినా, కంటి ముందు మెరుపులు కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.