త్రికోణమితిలో సూక్ష్మీకరణ: ముందు హారం చూడండి

"సూక్ష్మీకరించండి" అనే మాట కనిపించగానే చాలామంది పిల్లలు అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చేస్తారు. అది తప్పు కాదు, చాలా లెక్కలు అలాగే తేలతాయి. కానీ నా దగ్గర చదువుకునే పిల్లలకు నేను పెన్ను కదపకముందే హారం చూడమంటాను. ఎటు వెళ్లాలో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

కోణం అన్నిచోట్లా థీటాయే. ఇక్కడ వదిలేస్తున్నాను గానీ మీ నోట్‌బుక్‌లో తప్పక రాయండి.

సైన్² + కాస్² = 1. ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. కాస్²తో భాగిస్తే టాన్² + 1 = సెక్² వస్తుంది, సైన్²తో భాగిస్తే 1 + కాట్² = కొసెక్². వీటిని బట్టీ పట్టడం కంటే 1 − సైన్² కనిపించిన క్షణంలో కాస్² అని గుర్తుపట్టడం ముఖ్యం.

ఈ లెక్క చూడండి: 1/(1 − సైన్) + 1/(1 + సైన్). హారాలు రెండూ జోడీ. గుణిస్తే 1 − సైన్², అంటే కాస్². లవంలో సైన్‌లు కొట్టుకుపోయి 2 మిగులుతుంది. జవాబు 2 సెక్².

జోడీలో ఒక్కటే ఉంటే రెండోదాన్ని మనమే తేవాలి. కాస్/(1 − సైన్) ఇచ్చారనుకోండి. పైనా కిందా (1 + సైన్)తో గుణిస్తే హారం కాస్² అవుతుంది. ఒక కాస్ కొట్టేస్తే (1 + సైన్)/కాస్, అంటే సెక్ + టాన్. నాకు ఎన్నిసార్లు చేసినా సంతోషం కలిగించే మెట్టు ఇది. సెక్ + టాన్‌కూ జోడీ ఉంది: (సెక్ + టాన్)(సెక్ − టాన్) = 1. కాబట్టి సెక్ + టాన్ = 5 అయితే సెక్ − టాన్ = 1/5. రెండూ కూడి సగం చేస్తే సెక్ = 13/5. కోణం ఎంతో తెలియకుండానే విలువ వచ్చేసింది!

జవాబు వచ్చాక 30° పెట్టి సరిచూడండి. పై మొదటి లెక్కలో 2 + 2/3 = 8/3, 2 సెక్² కూడా 8/3. 45° మాత్రం వద్దు. అక్కడ సైన్, కాస్ సమానం, టాన్ 1. ఒకదాని బదులు ఇంకొకటి రాసినా జవాబు కలిసిపోతుంది, తప్పు బయటపడదు. ఇక 90° దగ్గర 1 − సైన్ సున్నా అవుతుంది కాబట్టి ఆ సమాసానికి విలువే లేదు. జవాబు పక్కన ఆ నియమం కూడా రాయండి.