బ్రేక్ లైట్లు వెలగట్లేదా? బల్బు కొనే ముందు ఇవి చూడండి

సింహాచలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడైనా, గాజువాక వైపు లారీల మధ్య వెళ్లేటప్పుడైనా, మీరు బ్రేక్ వేశారని వెనకవాడికి చెప్పేది ఆ ఎర్ర లైట్లే, కాబట్టి దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

ముందు ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి, ఎక్కడ వెతకాలో సగం అక్కడే తేలిపోతుంది. చీకటి పడ్డాక కారు వెనక భాగాన్ని గోడకి దగ్గరగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి అద్దాల్లో చూడండి. కొన్ని కార్లలో తాళం ఆన్ చేస్తేనే వెలుగుతాయి.

ఒకవైపే వెలగట్లేదు

బల్బో, హోల్డరో. చాలా కార్లలో 21/5 వాట్ల బల్బు ఉంటుంది, అందులో రెండు ఫిలమెంట్లు: 21 వాట్లది బ్రేక్‌కి, 5 వాట్లది రాత్రి పార్కింగ్ లైటుకి. అందుకే పార్కింగ్ లైటు వెలుగుతోంది కదా, బల్బు బాగానే ఉందనుకోవద్దు. వెలగని వైపు బల్బు తీసి వెలిగే వైపు పెట్టి చూడండి (ఈ బల్బు పక్కనుండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకే రకంగా దిగుతుంది, బలవంతం చేయొద్దు). అక్కడా వెలగకపోతే బల్బు పోయినట్టు. వెలిగితే తప్పు హోల్డర్‌ది.

వైజాగ్‌లో హోల్డర్‌ని గట్టిగా అనుమానించాల్సిందే. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు కారు బయటే పెట్టేవాళ్లయితే మరీను. ఉప్పు గాలికి లోపలి ఇత్తడి రేకుల మీద పచ్చగా, పొడిపొడిగా చిలుము పడుతుంది, కరెంటు అక్కడే ఆగిపోతుంది. లైట్లు ఆపి, సన్నటి ఎమరీ పేపర్ ముక్కతో మెరుపు వచ్చేదాకా రుద్దండి, అణిగిపోయిన రేకుని చిన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త పైకి లేపండి. కొత్త బల్బు వేసినా నెలకోసారి ఆరిపోతోందని అనుకునేవాళ్లు చాలామంది ఈ పని చేసి ఉండరు.

బ్రేక్ తొక్కితే ఇండికేటరో, పార్కింగ్ లైటో మసగ్గా వెలుగుతోంది

ఇది ఎర్త్ సమస్య. తిరిగి వెళ్లే దారి లేక కరెంటు పక్క ఫిలమెంట్ గుండా పోతోంది. ఆ లైటు నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాజలీన్ రాయండి.

ఏ ఒక్కటీ వెలగట్లేదు

ముందు ఫ్యూజు. ఫ్యూజు బాక్సు మూత మీద స్టాప్ అని ఉన్నదాన్ని లాగి, లోపల తీగ తెగిందేమో చూడండి. అదే ఆంపియర్‌ది వేయండి, అంతకంటే పెద్దది వేస్తే వైరు కాలుతుంది. కొత్తదీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది. హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టం జరిపి చూడండి, తెరిచి మూసి వైర్లు నలిగేది అక్కడే.

ఫ్యూజు బాగుంటే పెడల్ పైన ఉండే స్విచ్. దాని మొనని వేలితో నొక్కి వదిలినా లైట్లలో మార్పు లేకపోతే, కనెక్టర్ ఒకసారి తీసి పెట్టి, అప్పటికీ కాకపోతే స్విచ్ మార్చడమే. ఆటోమేటిక్ కారు గేరు పార్క్ నుంచి కదలకపోవడం, బటన్ నొక్కినా స్టార్ట్ కాకపోవడం కూడా తోడైతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

కాలు తీసినా ఆరట్లేదు

తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. పెడల్ కింద మ్యాట్ మీద ప్లాస్టిక్ ముక్కలు పొడిలా కనిపిస్తున్నాయా? పెడల్ మీద స్విచ్‌ని నొక్కి ఉంచే చిన్న బిళ్ల విరిగింది. అది చవకే, మీరే పెట్టుకోవచ్చు. రాత్రికి బ్యాటరీ టెన్షన్ ఉంటే ఆ స్టాప్ ఫ్యూజు తీసి ఉంచండి, కానీ పొద్దున్న బండి కదిలే ముందు తప్పకుండా పెట్టేయండి.

ఎల్‌ఈడీ లైట్లయితే చాలావాటికి బల్బు విడిగా మార్చడం కుదరదు. కనెక్టర్ దగ్గర 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టి, బ్రేక్ తొక్కినప్పుడు కరెంటు వస్తోందో లేదో చూడండి. ఎర్త్ కూడా బాగుండి కరెంటు వస్తుంటే లైటు మొత్తం మార్చాలి. వీటితోపాటు డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) హెచ్చరిక లైటు కూడా వెలుగుతుంటే, ఇంట్లో విప్పడం ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.