భార్యాభర్తలిద్దరికీ ఒకే స్పోర్ట్ క్వాడ్: ఆటో క్లచ్ బండి ఎలా చూసుకోవాలి

అమెరికాలో ఉంటూ ఇద్దరూ వంతులవారీగా నడపడానికి ఒకే స్పోర్ట్ క్వాడ్ (మట్టిదారులు, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి) కొందామనుకుంటే, అనుభవం తక్కువున్న వాళ్లకు తగ్గ బండి చూడండి, బాగా నడిపేవాళ్లు దేంతోనైనా సర్దుకుపోతారు. అన్నట్టు, సీటు పొడుగ్గా ఉంది కదా అని ఇద్దరూ ఒకేసారి ఎక్కొద్దు, అది నడిపేవాళ్లు ముందుకూ వెనక్కూ జరగడానికి.

ఆటోమేటిక్ క్లచ్ అంటే గేర్లు లేవని కాదు. గేరు కాలితో మీరే మార్చాలి, కానీ ఆగినప్పుడు క్లచ్ లివర్ పట్టకపోయినా ఇంజిన్ ఆగిపోదు, ఎత్తు మధ్యలో ఆగిన కొత్తవాళ్లకు టెన్షన్ సగం దీంతోనే పోతుంది. నా ఓటు హోండా టీఆర్ఎక్స్250ఎక్స్‌కి: 229 సీసీ, రివర్స్ గేరు, చెయిన్ బదులు షాఫ్ట్, పైగా క్లచ్ లివర్ కూడా ఉంటుంది కాబట్టి అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. కాలిఫోర్నియాలో గ్లామిస్ లాంటి పెద్ద ఇసుక తిన్నెలకే వెళ్తామంటే మాత్రం ఈ పవర్ చాలదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంజిన్ వేడెక్కాక ఫస్ట్ గేరులో పెట్టి చూడండి. థ్రాటిల్ ఇవ్వకుండానే బండి ముందుకు పాకుతుంటే ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కువైనా ఉండాలి, క్లచ్ సర్దాల్సి అయినా ఉండాలి. థ్రాటిల్ ఇస్తే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది, బేరం అక్కడే మొదలుపెట్టండి.

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఎక్కి, ఫుట్‌పెగ్స్ మీద నిలబడి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడాలి: బయటివైపు చెయ్యి సాగదీయకుండా అందుతోందా, బ్రేకు వేళ్లకు దొరుకుతోందా? హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లకు కొనండి.