సిమెంటు పోసే ముందే కేబుల్ పరీక్ష: బోరులో టీడీఆర్ కేబుల్ దించే పద్ధతి

గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్ట్ గని బెంచీల (మెట్ల) వెనక బోర్లలో, నేల లోపలి కదలికను పసిగట్టే టీడీఆర్ (టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ) కేబుళ్లు దించే పని నాది. సిమెంటు గట్టిపడ్డాక కేబుల్ పైకి రాదు. అందుకే కొత్తగా చేరిన కుర్రాళ్లకు ముందు పరీక్షే నేర్పిస్తాను.

కేబుల్‌లోకి పైనుంచి చిన్న పల్స్ పంపుతాం. రాతి పొర జరిగి కేబుల్‌ను నొక్కిన చోట కొంత సిగ్నల్ వెనక్కి మళ్లుతుంది. అది వెళ్లి వచ్చిన సమయాన్నిబట్టి లోతు తెలుస్తుంది.

కేబుల్‌ను నేలమీద సాపుగా పరిచి, టేపుతో పొడవు కొలవండి. ఫోమ్ నింపిన అల్యూమినియం కేబుల్‌లో పల్స్ వేగం కాంతి వేగంలో దాదాపు 0.88 వంతు. పల్స్ పంపి చదివే టెస్టర్‌లో 0.66 అని పాత సెట్టింగే ఉంటే 100 మీటర్ల కేబుల్ 75 మీటర్లుగా కనబడుతుంది. టేపు చెప్పిన పొడవే తెర మీద వచ్చేదాకా సరిచేయండి. తర్వాత అవతలి కొసలో లోపలి తీగను పైతొడుగుకు ఒక ముక్క వైరుతో కలపండి. టెస్టర్ తెర మీది గీత చివర కిందికి పడాలి. వైరు తీసేస్తే పైకి లేవాలి. రెండూ జరిగితేనే కేబుల్ బాగున్నట్టు. ప్రతి 20 మీటర్లకూ పైతొడుగును కొంచెం నొక్కి గుర్తు పెట్టండి, ఒక్కోటీ గీతలో చిన్న గుంటలా కనబడుతుంది. రేపు కదలిక వచ్చినప్పుడు లోతు లెక్కకు ఇవే మైలురాళ్లు.

ఇక కింది కొస. మొదట్లో ఒక బోరులో నేను దానికి ఇన్సులేషన్ టేపు మాత్రమే చుట్టాను. పది రోజులకు కొస దగ్గర గీత మొద్దుబారింది, 98 మీటర్ల కేబుల్ 101 మీటర్లు చూపించింది. నీళ్లు ఫోమ్‌లోకి ఎక్కి పల్స్ వేగం తగ్గిందన్నమాట. పక్కనే మళ్లీ బోరు వేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఎపాక్సీ నింపి, పైన హీట్ ష్రింక్ క్యాప్ వేసి, రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచి, పొద్దున మళ్లీ చూస్తేగాని దించను.

దించేటప్పుడు కేబుల్‌ను గ్రౌట్ (బోరులో పోసే సిమెంటు ద్రావణం) పైపుకు కట్టి కలిపి వదలండి. డ్రమ్ము దగ్గర ఒకరు నిలబడాలి. మెలిక పడితే ఆ గుంట గీతలో ఎప్పటికీ ఉంటుంది.

115 మిల్లీమీటర్ల బోరు 100 మీటర్లు ఉంటే సుమారు 1,040 లీటర్ల గ్రౌట్ పడుతుంది. 50 కిలోల బస్తాకు 32 లీటర్ల నీళ్లు పోస్తే 48 లీటర్లు వస్తుంది, అంటే 22 బస్తాలు. పగుళ్లు తాగేస్తాయి కాబట్టి నేను 26 తెప్పిస్తాను. ముందు సిమెంటు, నీళ్లు కలిపి, ఆ తర్వాతే కొద్దిగా బెంటొనైట్ బంకమట్టి వేయండి. గట్టిపడ్డ గ్రౌట్ రాయికన్నా మెత్తగా, కేబుల్‌ను నలిపేంత గట్టిగా ఉండాలి. కింది నుంచే పోయండి. మొదట పైకి బురద నీళ్లు వస్తాయి. "సార్, వచ్చేసింది, ఆపేద్దామా?" అని డ్రిల్లర్ అడుగుతాడు. అప్పుడే ఆపకండి. ట్యాంకులో ఉన్నంత చిక్కగా పైన వచ్చేదాకా పోయాలి. మర్నాడు పైభాగం కుంగి ఉంటుంది, నింపేయండి.

పోసిన వెంటనే ఒకసారి, వారం తర్వాత ఒకసారి రీడింగ్ తీయండి. రెండోదే మీ ఆధార గీత. ఆ తర్వాత ఎప్పుడు చదివినా అదే లీడ్ వైరు (టెస్టర్‌ను కేబుల్‌కు కలిపే తీగ), అదే సెట్టింగ్ వాడండి, లేకపోతే పోల్చడానికి ఉండదు. 40, 60 మీటర్ల గుర్తుల మధ్య సూదిలాంటి కొత్త గుంట మొలిచిందంటే అక్కడ పొర కోసుకుంటోంది. అది వారం వారం లోతవుతుంటే ఆ సాయంత్రమే మేనేజర్‌కు చెప్పండి. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ దిక్కుకు జరిగిందో టీడీఆర్ చెప్పదు, దానికి ఇన్‌క్లినోమీటర్ (బోరు ఎంత వంగిందో కొలిచే పరికరం) బోరు వేరే ఉండాలి.