పెయింటు వేయించాక సెల్ఫ్ టక్‌మని ఆగిపోతోందా? బ్యాటరీ కొనేముందు ఎర్త్ చూడండి

నాకు వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఇలాగే మొదలవుతాయి. "అక్కా, బండి మొత్తం చేయించినాం. పెయింటు అద్దం మాదిరి ఉంది. బ్యాటరీ కూడా కొత్తదే. తాళం తిప్పితే టక్ అంటాది, అంతే." నేనూ ప్రతిసారీ ఒకటే అడుగుతా, ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి, చూసినారా అని. "చూసినాం అక్కా, వైరు ఉంది" అంటారు. వైరు ఉందా లేదా అని నేను అడగలేదు కదా!

మాది చిత్తూరు. మా నాయన 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని ఊళ్లో చింతచెట్టు కింద రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడుంటే, ఇంటికి తోలించి నేనూ మా పెద్దదీ చిన్నోడూ కలిసి రెండు వేసవి సెలవుల్లో లేపాం. ఆ తర్వాత తెలిసినవాళ్లవి, వాళ్లకు తెలిసినవాళ్లవి, పద్మినిలు, అంబాసిడర్లు చాలానే చూశాను. స్పానర్ పట్టడం, బ్యాటరీ విప్పి బిగించడం, ప్లగ్గులు తీయడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నా. రాకపోతే ముందు అవి నేర్చుకుని రండి, పిల్లలతో సహా.

సమస్య: తాళం తిప్పితే టక్‌మంటుంది, ఇంజను తిరగదు. లేదా ముక్కుతూ మూలుగుతూ తిరుగుతుంది.

ముందు రెండు నిమిషాల పని. వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టి బ్యాటరీ చూడండి. తీరిగ్గా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి. 12.2 కంటే కిందుంటే చార్జింగ్ పెట్టి మళ్లీ రండి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి ఉంటే వేడినీళ్లు పోసి, గీకి, బిగించండి. చాలామందికి ఇక్కడే అయిపోతుంది. కాకపోతే, బండికి ఈమధ్యే టింకరింగ్, పెయింటింగ్ అయి ఉంటే, ఇంకేమీ విప్పకండి. సెల్ఫ్ మోటారు, అదే ఇంజనుని మొదట తిప్పే మోటారు, దాని జోలికి అసలు పోకండి.

మా బండి విషయంలో నేను పోయాను. కొత్త బ్యాటరీ వేశాను, అదే టక్. సెల్ఫ్ విప్పి తిరుపతిలో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి మోసుకెళితే ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ట) పోయిందన్నాడు. చుట్టించి, బుష్‌లు మార్పించి తెచ్చి బిగించాను. మళ్లీ టక్. సాలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్చి, ఆ టక్ దానిదే) కొత్తది వేశాను. ఈసారి టక్ ఇంకాస్త గట్టిగా వచ్చింది, అదొక్కటే తేడా. నెల రోజులు, చేతిలో ఉన్న డబ్బూ పోయాయి. మా ఆయన ఏమీ అనలేదు గానీ, షెడ్డు వైపు రావడం మానేశాడు.

కనిపెట్టింది మా చిన్నోడు. నేను పదేపదే తాళం తిప్పుతుంటే పక్క సీట్లో కూచుని, చల్లటి ఇంజను అంటుకోవడానికి లాగే చోక్ గుబ్బ మీద చెయ్యేశాడు. "మా, ఇది కాల్తా ఉంది!" అన్నాడు. వాడు వేషాలేస్తున్నాడనుకున్నా. నేను పట్టుకున్నా, నిజంగానే చురుక్కుమంది. బానెట్ ఎత్తి చూస్తే కార్బొరేటర్ దగ్గర చోక్ కేబుల్ నుంచి సన్నగా పొగ.

చోక్ కేబుల్‌కి కరెంటుతో ఏం పని? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దునకి అర్థమైంది.

కారణం: కరెంటుకి తిరుగు దారి లేదు.

బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ సెల్ఫ్‌కి వెళ్తుంది. అది అందరికీ కనబడే దారి. వెళ్లిన కరెంటు తిరిగి మైనస్‌కి చేరాలి కదా. అది సెల్ఫ్ ఒంట్లోంచి ఇంజను ఇనుములోకి, అక్కడినుంచి జడలాగా అల్లిన రాగి పట్టీ మీదుగా బాడీకి, బాడీలోంచి మైనస్ కేబుల్‌కి వస్తుంది. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య నికరమైన దారి ఆ జడ పట్టీ ఒక్కటే.

పెయింటు షెడ్డులో ఏం జరుగుతుందంటే, బాడీ మొత్తం గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు మూడు పూతలు వేస్తారు. ఎర్త్ బోల్టు కూర్చునే చోట కూడా. వాళ్ల తప్పేం లేదు, అందంగా చేయమన్నది మనమే. మా బండికైతే ఇంజను గదికి పెయింటు కొట్టింది మా పెద్దదే, ఎంత మురిపెంగా కొట్టిందో! తర్వాత ఆ నున్నటి పూత మీదే జడ పట్టీ పెట్టి బోల్టు బిగించింది నేను. పెయింటు మీద రాగి. బోల్టు మరల్లో ఎక్కడో కొంచెం ఇనుము తగిలింది, అంతే.

ఆ కొంచెమే మనల్ని మోసం చేస్తుంది. టెస్ట్ ల్యాంప్ పెడితే వెలుగుతుంది. మీటరు ఓం మీద పెడితే సున్నా చూపిస్తుంది. ఎర్త్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. కానీ చిన్న బల్బు తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు. సెల్ఫ్ తిరగాలంటే 150 ఆంపియర్ల దాకా కావాలి. కాలిబాట మీద సైకిల్ పోయిందని లారీ పోతుందా? ఆ జాయింటు దగ్గర 0.02 ఓం అడ్డున్నా, 150 ఆంపియర్లు లాగేసరికి 3 వోల్టులు అక్కడే ఆవిరి. మామూలు మీటరు ఓంలలో ఆ 0.02ని పట్టుకోలేదు. మిగిలిన వోల్టులతో సాలినాయిడ్ టక్‌మంటుంది, మోటారు మాత్రం కదలదు.

దారి దొరకని కరెంటు ఊరుకోదు. ఇంజనునీ బాడీనీ కలిపే ఇనుప వస్తువు ఇంకేదైనా ఉందా అని వెతుక్కుంటుంది. ఒక కొస కార్బొరేటర్‌కి, ఇంకో కొస డ్యాష్‌బోర్డుకి తగిలి ఉండే చోక్ కేబుల్ దొరికింది. అంత సన్నటి తీగ అంత బరువు మోస్తే కాలక ఏం చేస్తుంది? కొన్ని బండ్లలో లోపలి తీగ తొడుగుకి అతుక్కుపోయి చోక్ కదలకుండా బిగుసుకుపోతుంది. వాళ్లు చోక్ కేబుల్ మారుస్తారు. వారానికి అదీ పోతుంది.

పరీక్ష

జంపర్ కేబుల్ ఒకటి తీసుకోండి. ఒక కొస బ్యాటరీ మైనస్ స్తంభానికి, ఇంకో కొస ఇంజను మీద పెయింటు లేని బోల్టుకి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తిప్పండి. ఇంజను గిర్రున తిరిగిందా, దొంగ దొరికాడు. మా బండి అలా తిరిగినప్పుడు చిన్నోడు అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

జంపర్ లేకపోతే మీటరుతో చూడొచ్చు. ప్లగ్గులకి నిప్పు పుట్టించే కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకేయండి, ఇంజను అంటుకోకుండా. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర కొస ఇంజను ఇనుముకి, నల్ల కొస మైనస్ స్తంభానికి ఆనించండి. క్లాంపుకి కాదు, మధ్యలో ఉండే సీసపు స్తంభానికే. ఒకరు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, ఒకరు అంకె చదవాలి. 0.2 వోల్టుల దాకా ఫరవాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మాకు 3.4 వచ్చింది. తర్వాత ఎర్ర కొసని బాడీకి మార్చి చూస్తే, తప్పు జడ పట్టీ దగ్గరా మైనస్ కేబుల్ దగ్గరా అన్నది తేలిపోతుంది. పిల్లలకి ఇది బాగా నచ్చే పని, అంకె చదివే పని వాళ్లకే వదిలేయండి.

పరిష్కారం

ముందుగా చేతికున్న గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బంగారు గాజు స్పానర్‌కీ బ్యాటరీకీ మధ్య పడితే ఎర్రగా కాలుతుంది, చేతికుండగానే. మైనస్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. మరీ పాత ఇంగ్లీషు డిజైను బండ్లలో కొన్నిటికి ప్లస్సే బాడీకి ఉంటుంది, అలాంటిదైతే ముందు ప్లస్ విప్పండి.

జడ పట్టీ రెండు కొసలూ విప్పండి. బాడీ మీద, పట్టీ చివరుండే లగ్ ఎంత ఉందో అంత గుండ్రంగా పెయింటు గీకేయండి. ఎమరీ పేపర్‌తో రుద్దితే వెండి రూపాయిలా మెరవాలి. కొత్త పెయింటు గీకాలంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. మా పెద్దది అటు తిరిగి నిలబడింది. ఇంజనుకి బిగించి ఉండే గేర్‌బాక్స్ వైపు కొస కూడా అలాగే, అక్కడ పెయింటు బదులు నూనె మడ్డి ఉంటుంది. లగ్‌కీ బాడీకీ మధ్య పళ్ల వాషరు వేసి బాగా బిగించండి. వాసిలిన్ పూయడం బిగించాకే. ముందే పూస్తే మీరే అడ్డం పెట్టినట్టు. మైనస్ కేబుల్ బాడీకి తగిలే చోటా ఇదే పని.

పట్టీ పచ్చబారి పోగులు తెగుతుంటే కొత్తది వేయండి. మైనస్ కేబుల్ ఎంత లావుందో దానికి తగ్గకుండా ఉండాలి. ఇంట్లో ఉన్న కరెంటు వైరు ముక్క చుట్టి సరిపెట్టినవాళ్లని చూశాను. వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు.

ఇదే జబ్బు వేరే వేషాల్లో కూడా వస్తుంది. హెడ్‌లైట్లు వేస్తే పెట్రోలు ముల్లు కదలడం, ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా కన్నుగీటడం, ఒకవైపు లైటు గుడ్డిగా వెలగడం, అన్నీ పెయింటు కింద చచ్చిపోయిన ఎర్త్‌లే. పెట్రోలు ట్యాంకుకి కూడా రంగు కొట్టించారా? అయితే ముల్లు గురించి ఇంకెక్కడా వెతకొద్దు.

సమస్య: సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజను అంటుకోదు.

ఏళ్ల తరబడి నిలబడిన బండైతే ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు చూడండి. నల్లగా పొర కట్టి ఉంటాయి. రుద్ది, సందు అర మిల్లీమీటరుకి కాస్త తక్కువగా పెట్టండి. ప్లగ్ వైర్లు పిల్లలు బిగించి ఉంటే వరస 1-3-4-2 ఉందా చూసుకోండి. పద్మినికైనా, పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకైనా అదే వరస. పాత పెట్రోలు పారబోయండి, దాంతో ప్రయోగాలు వద్దు.

సమస్య: ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది.

మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఆగింది, భాకరాపేట ఘాట్‌లో ఆగింది అంటారు. అందరూ పెట్రోలు పంపు వేడెక్కిందని దాని మీద తడిగుడ్డ కప్పుకుని కూచుంటారు. ఆగిన వెంటనే, చల్లారకముందే, కాయిల్ మధ్య వైరు తీసి ఇంజనుకి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో పట్టి సెల్ఫ్ కొట్టించండి, వైరుని రబ్బరు పట్టకారుతో పట్టుకోవాలి సుమా, పెట్రోలు కారుతున్న చోట కాదు. నిప్పు నీలంగా, దిట్టంగా ఉంటే పెట్రోలు వైపు చూడండి. పసుపుగా, పీలగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే కండెన్సర్ మార్చండి, అది చవక. అప్పటికీ లొంగకపోతే కాయిల్. పెట్రోలు వైపే అయితే ట్యాంకు మూత తెరవండి. గాలి సుయ్‌మని లోపలికి లాగితే మూతకుండే గాలి రంధ్రం పూడిపోయింది, గుండుసూదితో అయిపోయే పని. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్ అనే పల్చటి పొర మెత్తబడతాయి. అవి ఎలాగూ మార్చాల్సినవే.

సెల్ఫ్ నిజంగానే కాలిపోవడం, ఫ్లైవీల్ పళ్లు అరిగిపోవడం, పిస్టన్లు పట్టేయడం లేకపోలేదు. ప్లగ్గులు తీసేసి టాప్ గేరులో బండి తోస్తే ఇంజను తిరుగుతోందంటే పిస్టన్ల సంగతి మర్చిపోండి. మిగతావి ఎర్త్ 0.2 లోపు వచ్చాక ఆలోచిద్దాం.

మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. షెడ్డులో ఉన్నా చెమ్మకి ఆ మెరిసే రూపాయి నల్లబడుతుంది. అందుకని సంక్రాంతికి ముందు మళ్లీ మీటరు పెడతాం. ఇప్పుడది చిన్నోడి పని. మొన్న 0.12 వచ్చింది. 0.15 దాటితే నన్ను అడగకుండానే వాడు స్పానర్ తీస్తాడు, అక్క చూడకుండా.