స్టోరేజ్ స్విచ్‌లు కమాండ్ లైన్ మీద – 4వ పాఠం: పాత జోన్లు ఎందుకు మాయమయ్యాయి?

ఈ వారం పోర్టు ఎర్రర్ల లెక్కలు చదవడం నేర్పుతానని చెప్పాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం చదివి పనిలోకి దిగిన వాళ్లలో ముగ్గురు ఒకేచోట దెబ్బ తిన్నారు. అది సరిచేయకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో సర్వర్లు చూసే కుర్రాడు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు. "కొత్త సర్వర్‌కి డిస్కు కనపడిందండి. మిగతా అయిదు సర్వర్లకీ పోయిందండి" అన్నాడు. ఏ కమాండ్ కొట్టావయ్యా అని అడిగితే, "పాఠంలో ఉన్నదేనండి" అన్నాడు. అతను చెప్పింది నిజం. పోయినసారి నేను ఖాళీ స్విచ్ మీద చేసి చూపించాను. ఖాళీ స్విచ్‌లో సీఎఫ్‌జీక్రియేట్ (కొత్త జోన్ల పట్టీ, అంటే కాన్ఫిగ్, తయారుచేసే కమాండ్) కొట్టి, సీఎఫ్‌జీఎనేబుల్ (దాన్ని అమల్లో పెట్టే కమాండ్) చేస్తే సరిపోతుంది. నడుస్తున్న స్విచ్‌లో అదే పని చేస్తే ఏమవుతుందో నేను రాయలేదు. రాసి ఉండాల్సింది.

(ఇక్కడ సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే బ్రోకేడ్ కంపెనీ స్విచ్‌ల కమాండ్లు చెబుతున్నాను. పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. స్విచ్‌లోకి లాగిన్ అవడం, స్విచ్‌షోలో పోర్టులు చూసుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.)

మన కాలువల మీద వంతుల పద్ధతి మీకు తెలుసు. నీళ్లు చాలనప్పుడు ఏ బోదెకు ఏ రోజు నీళ్లో ఒక పట్టీ ఉంటుంది. లస్కరు ఆ పట్టీ చూసే తూములు ఎత్తుతాడు. మీ బోదె పేరు కూడా చేర్చాలంటే ఆ పట్టీలోనే ఒక వరుస రాయాలి. అలా కాకుండా మీ బోదె ఒక్కదాని పేరే రాసిన కొత్త కాగితం తెచ్చి, పాతది తీసేసి అంటించారనుకోండి. మీకు నీళ్లు వస్తాయి, శివారు దాకా మిగతా చేలన్నీ ఎండుతాయి. లస్కరు తప్పేమీ లేదు, అంటించిన పట్టీనే అతను పాటించాడు.

స్విచ్‌లో కాన్ఫిగ్ అంటే ఆ పట్టీ, జోన్ అంటే అందులో ఒక వరుస, అంటే ఏ సర్వర్ పోర్టు ఏ స్టోరేజ్ పోర్టును చూడొచ్చో రాసుకున్నది. ఒక ఫ్యాబ్రిక్‌లో (ఒకదానికొకటి కలిపిన స్విచ్‌ల సమూహంలో) ఎన్ని కాన్ఫిగ్‌లైనా రాసి పెట్టుకోవచ్చు, కానీ ఒక సమయంలో అమల్లో ఉండేది ఒక్కటే. మన కుర్రాడు కొత్త కాన్ఫిగ్ తయారు చేసి, అందులో ఒక్క కొత్త జోన్ పెట్టి, దాన్ని ఎనేబుల్ చేశాడు. పాత కాన్ఫిగ్ అమల్లోంచి దిగిపోయింది. దానితోపాటే అయిదు సర్వర్ల జోన్లూ దిగిపోయాయి. పాత కాన్ఫిగ్ స్థానంలో ఇది వస్తుంది, సరేనా అని ఎనేబుల్ చేసేటప్పుడు స్విచ్ అడుగుతుంది కూడా. అక్కడ ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే 'వద్దు' అనే తీసుకుంటుంది. మనమే చదవకుండా వై కొట్టేస్తాం. ఆ ఒక్క ప్రశ్న దగ్గర చేతులు కీబోర్డు మీంచి తీసి, పూర్తిగా చదవండి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ తొందరే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మీకూ ఇలా జరిగితే కంగారులో ఏదీ డిలీట్ చేయకండి. సీఎఫ్‌జీషో కొట్టండి. పై భాగంలో, అంటే డిఫైన్డ్ కింద, మీ పాత కాన్ఫిగ్ పేరు అలాగే ఉంటుంది. సీఎఫ్‌జీఎనేబుల్ తర్వాత ఆ పాత పేరు ఇవ్వండి, పాత జోన్లు తిరిగి అమల్లోకి వస్తాయి. ఆ రాత్రి మేం చేసింది ఇంతే. తర్వాత రెండు సర్వర్లలో ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీలోకి (చదవడమే తప్ప రాయలేని స్థితిలోకి) వెళ్లిపోయి ఉంటే సరిచేసుకోవాల్సి వచ్చింది. దానికి పట్టిన సమయంతో పోలిస్తే స్విచ్ పని ఎంతో కాదు.

ఇప్పుడు సరైన వరుస. ముందు కాన్ఫిగ్‌అప్‌లోడ్‌తో స్విచ్ కాన్ఫిగరేషన్‌ని వేరే సర్వర్‌లో దాచండి. తర్వాత సీఎఫ్‌జీయాక్ట్‌వీషో కొట్టి, అమల్లో ఉన్న కాన్ఫిగ్ పేరు కాగితం మీద రాసుకోండి. మా ఊళ్లో గాలివాన వస్తే కరెంటూ నెట్టూ ఎప్పుడు పోతాయో చెప్పలేం, అందుకే నేను కాగితమే వాడతాను. ఆ పేరు మెయిన్_సీఎఫ్‌జీ అనుకుందాం (డబ్ల్యూడబ్ల్యూఎన్ అంటే ప్రతి పోర్టుకూ ఉండే ప్రత్యేక నంబరు, ఆలియాస్ అంటే దానికి మనం పెట్టుకునే పేరు; స్టోరేజ్ పోర్టుకు స్టో1_పీ1 అనే ఆలియాస్ ముందే ఉందనుకోండి):

ఆలీక్రియేట్ "సర్వర్6_పీ1", "సర్వర్ పోర్టు డబ్ల్యూడబ్ల్యూఎన్"
జోన్‌క్రియేట్ "జె_సర్వర్6_స్టో1", "సర్వర్6_పీ1; స్టో1_పీ1"
సీఎఫ్‌జీయాడ్ "మెయిన్_సీఎఫ్‌జీ", "జె_సర్వర్6_స్టో1"
సీఎఫ్‌జీసేవ్
సీఎఫ్‌జీఎనేబుల్ "మెయిన్_సీఎఫ్‌జీ"

మూడో వరుస చూడండి, అక్కడ ఉన్నది క్రియేట్ కాదు, యాడ్. జోన్‌లోని రెండు పేర్ల మధ్య సెమీకోలన్ పెట్టాలి, కామా కాదు. పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగానే లెక్క.

ఎనేబుల్ చేస్తే సేవ్ కూడా అయిపోతుంది కదా, నాలుగో వరుస ఎందుకని ఒకరు అడిగారు. అవసరం లేదు, నిజమే. అయినా నేను విడిగా సేవ్ చేసి, సీఎఫ్‌జీషోలో పై భాగాన్ని, కింది భాగాన్ని (అమల్లో ఉన్నదాన్ని) పోల్చి చూసుకున్నాకే ఎనేబుల్ చేస్తాను. సేవ్ వల్ల రాత మాత్రమే భద్రమవుతుంది, నడుస్తున్న జోన్లకు ఏమీ కాదు.

ఈ తేడా తెలియకపోతే ఇంకోచోట కూడా ఇబ్బంది పడతారు. సర్వర్‌లో హెచ్‌బీఏ కార్డు (సర్వర్‌ను స్టోరేజ్ నెట్‌వర్క్‌కు కలిపే కార్డు) మార్చారనుకోండి. డబ్ల్యూడబ్ల్యూఎన్ మారింది, మీరు ఆలియాస్‌లో కొత్తది పెట్టి సేవ్ చేశారు. డిస్కులు మాత్రం కనిపించవు. అమల్లో ఉన్న భాగంలో ఆలియాస్ పేర్లు ఉండవు, అసలు డబ్ల్యూడబ్ల్యూఎన్‌లే ఉంటాయి. మళ్లీ ఎనేబుల్ చేసేదాకా అక్కడ పాత కార్డు నంబరే ఉంటుంది. కార్డుకు నోడ్ నంబరు, పోర్టు నంబరు అని రెండు ఉంటాయి. జోన్‌లో పెట్టాల్సింది పోర్టుదే. క్యూలాజిక్ కార్డుల్లో పోర్టు నంబరు సాధారణంగా 21:00తో, ఎమ్యులెక్స్‌లో 10:00తో మొదలవుతుంది. ఈ రెండు రకాల్లో 20:00 కనిపిస్తే నోడ్ నంబరు కాపీ చేశారేమో చూసుకోండి.

లైను మధ్యలో తెగిపోతే, తిరిగి లాగిన్ అవగానే సీఎఫ్‌జీట్రాన్స్‌షో కొట్టండి. సగంలో ఆగిన మార్పులు ఉంటే, అవి మీవేనని తేల్చుకున్నాకే సీఎఫ్‌జీట్రాన్స్‌అబార్ట్ చేసి మొదటినుంచి రండి. ఇంకొకరి పని చెరపకూడదు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఆ కుర్రాడి దగ్గర రెండు ఫ్యాబ్రిక్‌లు ఉన్నాయి. మొదటిదాంట్లో తప్పు చేసినా సర్వర్లు రెండోదాని మీద నడిచి ఉండేవి. కానీ అతను కమాండ్లన్నీ ఒక ఫైల్లో రాసుకుని, నిమిషం తేడాతో రెండింటిలోనూ పేస్ట్ చేశాడు. రెండు దారులు పెట్టుకున్నది ఎందుకో ఆ నిమిషంలో మర్చిపోయాడు. ఒక ఫ్యాబ్రిక్ అయ్యాక, ప్రతి సర్వర్‌లోనూ దారులన్నీ ఉన్నాయా లేదా చూడండి. లినక్స్ అయితే మల్టీపాత్ కమాండ్‌కు డబుల్ ఎల్ ఆప్షన్ ఇచ్చి చూడండి. అప్పుడే రెండోది ముట్టుకోవాలి. నేనైతే రెండింటి మధ్య ఒక రోజు ఆగుతాను. తొందర పెట్టే మేనేజర్లకు కూడా ఇదే చెబుతాను.

సిస్కో ఎండీఎస్ వాడేవాళ్లకు: మీ దగ్గర కాన్ఫిగ్‌ను జోన్‌సెట్ అంటారు, ఎనేబుల్ బదులు యాక్టివేట్. ఒక వీశాన్‌లో (స్విచ్ లోపల విడదీసిన ఒక వర్చువల్ ఫ్యాబ్రిక్‌లో) అమల్లో ఉండే జోన్‌సెట్ ఒక్కటే కాబట్టి ఇదే ప్రమాదం మీకూ ఉంది. పని అయ్యాక రన్నింగ్ కాన్ఫిగ్‌ని స్టార్టప్‌లోకి కాపీ చేయండి.

అభ్యాసం కాగితం మీదే, స్విచ్ ముట్టుకోకుండా చేయండి. 6 సర్వర్లు, ఒక స్టోరేజ్, రెండు ఫ్యాబ్రిక్‌లు. సర్వర్‌కు ఒక్కో ఫ్యాబ్రిక్‌లో ఒక పోర్టు, స్టోరేజ్‌కు ఒక్కో ఫ్యాబ్రిక్‌లో రెండు. ఒక జోన్‌లో ఒక సర్వర్ పోర్టు, ఒక స్టోరేజ్ పోర్టు మాత్రమే. ఫ్యాబ్రిక్‌కు 12 జోన్లు, మొత్తం 24 రావాలి. సర్వర్‌కు 4 దారులు రావాలి. వాటన్నిటికీ పేర్లు పెట్టి రాయండి. తర్వాత 7వ సర్వర్‌ను చేర్చే కమాండ్లు రెండు ఫ్యాబ్రిక్‌లకూ విడివిడిగా రాయండి. పక్క పేజీలో ఆ సర్వర్‌ను తిరిగి తీసేసే కమాండ్లు రాయండి: సీఎఫ్‌జీరిమూవ్ ముందు, జోన్‌డిలీట్ తర్వాత, చివర ఎనేబుల్. చేర్చే పేజీ, తీసేసే పేజీ రెండూ ఫొటో తీసి పంపండి. ఒక్క పేజీయే పంపితే తిరిగి పంపిస్తాను.